దర్జీ కుర్రాడికి బీజగణితం చెప్పిన ఆయిలర్

సాయంత్రం షిఫ్టు మారే వేళ భివండీ పద్మనగర్ గల్లీల్లోనో, మాన్కోలి నాకా దగ్గర గోదాముల వెనక వరసగా ఉండే గదుల ముందో కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనబడుతుంది. లోపల సాంచాల చప్పుడు. గడప మీద సెల్‌ఫోన్ పట్టుకుని ఓ పిల్లవాడు. తెరమీద బంతి గాల్లోకి లేస్తుంది, వంపు తిరుగుతుంది, నేలకు తగిలి రెండు మూడుసార్లు ఎగిరి ఆగుతుంది. గల్లీలో ఆడే బంతి ఎట్లా పడుతుందో ఫోన్‌లో బంతీ అట్లాగే పడుతుంది. చదువు పాడవుతోందని తల్లి కసురుకుంటుంది. ఆమె బాధ న్యాయమైనదే. అయితే ఆ ఫోన్‌కు బంతి ఎట్లా పడాలో ఎవరు నేర్పారన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ అడగరు.

నేర్పిన లెక్క రెండున్నర శతాబ్దాల నాటిది. దాన్ని పుస్తకంలో పెట్టిన మనిషి కంప్యూటర్ ఎరుగడు, కరెంటు దీపం ఎరుగడు. చివరి పదిహేడేళ్లు ఆయనకు చూపు కూడా దాదాపు లేదు. ఆయన పేరు లియోనార్డ్ ఆయిలర్. తెలుగు మీడియంలో చదివితే కంప్యూటర్ దాకా పోలేరని పిల్లల్ని బడి మాన్పించి వేరే బడికి పంపే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వాళ్లు ఈయన కథ ఒకసారి వినాలి. ఎందుకంటే వీడియో గేమ్‌లోని భౌతికశాస్త్రానికి పునాది హైస్కూలు లెక్కే. ఆ లెక్క ఏ భాషలో చెప్పినా అదే జవాబు వస్తుంది.

శనివారం సందేహాలు

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో పట్టు రిబ్బన్ల నేతకు పేరుమోసింది. తండ్రి పాల్ ఆయిలర్ చర్చి పాదిరి. సంపన్నుడేమీ కాడు గానీ చదువుకునే రోజుల్లో యాకోబ్ బెర్నూలీ అనే గొప్ప గణితవేత్త పాఠాలు విన్నవాడు. కొడుక్కి మొదటి లెక్కలు ఆయనే ఇంట్లో చెప్పారు.

పదమూడో ఏట ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. కొడుకు తనలాగే పాదిరి కావాలని తండ్రి ఆశ. పిల్లవాడి మనసు మాత్రం లెక్కల మీద ఉంది. యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ అప్పుడు అక్కడ ఆచార్యుడు. విడిగా పాఠం చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. అందుకని ఒక దారి చూపారు. కష్టమైన పుస్తకాలు సొంతంగా చదువుకోవాలి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకోవాలి, శనివారం మధ్యాహ్నం వచ్చి అడగాలి. అడగబోయే ప్రశ్నలు వీలైనన్ని తగ్గాలని ఆ పిల్లవాడు వారమంతా కుస్తీ పట్టేవాడు. ఆయన చదువులో అసలు భాగం ఆ వారం రోజుల కుస్తీయే. చివరికి బెర్నూలీయే తండ్రికి నచ్చజెప్పి పిల్లవాణ్ణి గణితానికి వదిలేలా చేశారు.

పొట్ట చేతబట్టుకుని పరదేశం

1727లో బాసెల్‌లో భౌతికశాస్త్ర ఆచార్య పదవి ఖాళీ అయితే ఆయిలర్ దరఖాస్తు పెట్టారు. ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. రాలేదు. సొంత ఊరిలో పని దొరకని యువకుడు చేసే పనే ఆయనా చేశారు. అదే ఏడు ఏప్రిల్‌లో రైన్ నది మీద పడవెక్కారు. తర్వాత గుర్రపుబండ్లు, ఆ తర్వాత ఓడ. మే నెలలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు. మళ్లీ బాసెల్‌కు తిరిగి వెళ్లనే లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి మగ్గం వదిలి భివండీకి వచ్చిన తాతల సంగతి ఎరిగిన ఇళ్లకు ఈ ప్రయాణం కొత్తగా అనిపించదు.

ఆ నగరంలో ఆయన మాతృభాష జర్మన్ మాట్లాడేవాళ్లు పరదేశీయులు. పండితుల రాత లాటిన్‌లో. బయట బజారు మొత్తం రష్యన్. అక్కడికి వచ్చిన చాలామంది విదేశీ పండితులు రష్యన్ జోలికి పోకుండానే కాలం గడిపారు. ఆయిలర్ మాత్రం రష్యన్ నేర్చుకుని మాట్లాడారు, రాశారు. మాతృభాషను వదల్లేదు, ఊరి భాషను దూరం పెట్టలేదు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడే మన పిల్లలకు ఇది రోజూ జరిగేదే.

అక్కడే ఆయన ఇంకో పని చేశారు. అకాడమీకి అనుబంధంగా ఉన్న బడి పిల్లల కోసం అంకగణితం పాఠ్యపుస్తకం జర్మన్‌లో రాశారు. మొదటి భాగం 1738లో వచ్చింది. దాన్ని వెంటనే రష్యన్‌లోకి మార్చారు. యూరప్ అంతా పేరున్న గణితవేత్త కూడికలు, తీసివేతల పుస్తకం రాయడం తక్కువ పని అనుకోలేదు.

1731లో ఆయన భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యారు. 1733లో మిత్రుడు డానియెల్ బెర్నూలీ స్వదేశానికి వెళ్లిపోవడంతో గణిత విభాగం పెద్ద అయ్యారు. 1734లో చిత్రకారుడు గ్జెల్ కూతురు కాతరీనాను పెళ్లి చేసుకున్నారు. పదమూడు మంది పిల్లలు పుడితే ఐదుగురే పెరిగి పెద్దయ్యారు. ఒళ్లో పిల్లల్ని పెట్టుకునే ఆయన లెక్కలు చేసేవారని చెబుతారు.

న్యూటన్ బొమ్మల నుంచి సమీకరణాల్లోకి

ఆయిలర్ బాసెల్ వదిలిన ఏడాదే లండన్‌లో న్యూటన్ కన్నుమూశారు. న్యూటన్ 1687లో ఇచ్చిన చలన నియమాలు గొప్పవే. కానీ ఆ పుస్తకం నిండా జ్యామితి బొమ్మలు. ఒక్కో సమస్యకు ఒక్కో కొత్త బొమ్మ గీసి, కొత్త ఉపాయం పన్నాలి. మేధావికి తప్ప మామూలు విద్యార్థికి అంతుపట్టదు. ఆయిలర్ 1736లో రెండు సంపుటాల యాంత్రికశాస్త్రం అచ్చువేసి, చలనాన్ని బొమ్మల నుంచి సమీకరణాల్లోకి తెచ్చారు. 1750లో బెర్లిన్ అకాడమీ ముందు పెట్టిన వ్యాసంలో ఇంకో అడుగు వేశారు. బలాన్ని మూడు దిక్కులుగా విడదీసి, ఒక్కో దిక్కుకు ఒక్కో సమీకరణం రాశారు. ఎడమ-కుడి ఒకటి, పైన-కింద ఒకటి, ముందు-వెనక ఒకటి.

ఈనాటి త్రీడీ గేమ్ లోపల ఉన్నది ఇదే. ప్రతి వస్తువుకూ మూడు స్థానాలు, మూడు వేగాలు, మూడు త్వరణాలు. ఒక దిక్కు లెక్కను చాలావరకు ఇంకో దిక్కుతో కలపకుండా చేసుకోవచ్చు. బంతిని గురుత్వం కిందికి మాత్రమే లాగుతుంది, పక్కకు లాగదు. ఈ ఒక్క మాట అర్థమైన పిల్లవాడికి బంతి వంపు ఎందుకు తిరుగుతుందో తెలిసినట్టే.

ఈ పనుల మధ్యనే తీవ్రమైన జ్వరం బారిన పడ్డారు. 1738 నాటికి కుడికన్ను చూపు పోయింది. వయసు ముప్పై ఒకటి.

బెర్లిన్‌లో ఫిరంగి గుండు, రాకుమారి పాఠం

1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పిలుపు మీద ఆయిలర్ బెర్లిన్ వెళ్లి ఇరవై ఐదేళ్లు ఉన్నారు. మాటల చాతుర్యం మెచ్చే ఆ దర్బారులో నిరాడంబరుడైన ఈ ఒంటికన్ను పండితుడికి తగిన గౌరవం దక్కలేదు. రాజు ఆయన కన్ను గురించి ఎగతాళి కూడా చేసేవాడు. ఆయిలర్ తన పని తాను చేసుకుపోయారు.

ఇంగ్లండ్‌లో బెంజమిన్ రాబిన్స్ 1742లో ఫిరంగుల మీద పుస్తకం రాస్తే, ఆయిలర్ దాన్ని 1745లో జర్మన్‌లోకి తెచ్చారు. మూలం కన్నా ఆయన వ్యాఖ్యే ఎన్నో రెట్లు పెరిగింది. గాలి లేదనుకుంటే విసిరిన వస్తువు దారి పరావలయం. గాలి ఉంటే ఆ దారి మారిపోతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి ఎక్కువగా అడ్డుకుంటుంది. అందుకే గుండు పైకి పోయిన వంపు కన్నా కిందికి దిగే వంపు నిటారుగా ఉంటుంది. ఒక్క సూత్రంతో తేలని ఆ దారిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని లెక్కకట్టే పద్ధతి ఆయన తర్వాత ఒక వ్యాసంలో చూపారు. గాలి అడ్డును మరిచిపోయిన క్రికెట్ గేమ్‌లో బంతి ఎందుకో నిజంగా అనిపించదు. ఆ లోటును ఆయన ఫిరంగి గుండులో పట్టుకున్నారు.

1760 నుంచి 1762 దాకా, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఆయిలర్ ఒక రాకుమారికి ఉత్తరాల్లో పాఠాలు చెప్పారు. మొత్తం 234 ఉత్తరాలు. మొదటి ఉత్తరం పొడవు, దూరం గురించి. రెండోది వేగం గురించి. మూడోది ధ్వని గురించి. ఆ తర్వాతే గాలి, కాంతి, గురుత్వం. సమీకరణాలు దాదాపు లేవు. ఒక ఉత్తరంలో ఒక్క సంగతి. 1768 నుంచి 1772 వరకు మూడు సంపుటాలుగా అచ్చయిన ఈ ఉత్తరాలు యూరప్ భాషలెన్నింటిలోకో వెళ్లాయి. గేమ్ భౌతికశాస్త్రం నేర్పాలనుకునే ఉపాధ్యాయుడికీ అదే వరస పనికొస్తుంది. ముందు దూరం, తర్వాత వేగం, ఆ తర్వాతే బలం.

దర్జీ కుర్రాడు

1766లో రష్యా రాణి కేథరిన్ పిలుపుతో మళ్లీ పీటర్స్‌బర్గ్ చేరారు. అదే ఏడు మిగిలిన ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో చేసిన శస్త్రచికిత్సతో చూపు వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది. అదే ఏడు ఊళ్లో అగ్నిప్రమాదంలో ఆయన ఇల్లు కాలిపోయింది. బాసెల్ నుంచి వచ్చిన ఓ పనివాడు ప్రాణాలకు తెగించి ఆయన్ను బయటికి మోసుకొచ్చాడు. రాతప్రతులు చాలావరకు దక్కాయి. రెండేళ్లకు భార్య పోయింది.

మరొకరైతే కలం మూసేవారు. ఆయిలర్ చూపు పోయిన కొత్తలో చేపట్టిన పనుల్లో ఒకటి బీజగణితం పుస్తకం. రాయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. అంతకుముందు అతను దర్జీ దగ్గర పని నేర్చుకున్నవాడు. మామూలు కూడికలు, గుణకారాలు తప్ప గణితం ఎరుగడు. ఆయిలర్ చెబుతూ ఉంటే అతను రాస్తూ పోయాడు. పుస్తకం అంకెలు అంటే ఏమిటన్న దగ్గర మొదలవుతుంది. గుర్తులు, భిన్నాలు, వర్గమూలాలు దాటి పెద్ద సమీకరణాల దాకా పోతుంది. రాసేవాడికి అర్థం కాని మాట పుస్తకంలోకి ఎక్కలేదు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ కుర్రాడు కఠినమైన బీజగణితం లెక్కలు తనంతట తాను చేసే స్థాయికి వచ్చాడని పుస్తకం ముందుమాటలోనే ఉంది. 1768-69లో రష్యన్‌లో, 1770లో జర్మన్‌లో వచ్చిన ఆ పుస్తకం తరతరాల విద్యార్థులకు దారి చూపింది.

చిన్న మెట్ల లెక్క

1768లోనే ఆయన కలనగణితం పుస్తకం ఒక సంపుటం వెలువడింది. అందులో ఉన్న ఒక పద్ధతే ఇవాళ ప్రతి గేమ్‌లోనూ ఏదో ఒక రూపంలో నడుస్తోంది. దాన్ని ఆయిలర్ పద్ధతి అంటారు. పూర్తి దారి సూత్రం దొరకకపోతే కాలాన్ని చిన్న మెట్లుగా కోయాలి. ఒక్కో మెట్టులో వేగం మారలేదనుకుని కొంచెం ముందుకు జరపాలి. ఆ చోట మళ్లీ వేగం సరిచూసుకోవాలి. మళ్లీ జరపాలి.

సాంచా ముందు నిలబడ్డవాళ్లకు ఇది చెప్పడం సులువు. కర్ర కొట్టిన దెబ్బకు నాడెకు వేగం వస్తుంది. పడుగు మధ్య నుంచి దూసుకుపోతూ రాపిడికి కాస్త కాస్త వేగం కోల్పోతుంది. అవతలి పెట్టెలో దూరి ఆగుతుంది. ఈ ప్రయాణాన్ని వంద ఫొటోలుగా తీస్తే ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య నాడె ఎంత జరిగిందో చెప్పడానికి ఒక్క గుణకారం, ఒక్క కూడిక చాలు. గేమ్ చేసే పనీ అదే. చాలా గేములు సెకనుకు 60 బొమ్మలు చూపుతాయి. ఒక్కో బొమ్మకు ముందు ఫోన్ ఈ లెక్క చేసుకుంటుంది.

నల్లబల్ల మీద చేసి చూపించండి. డాబా మీది నుంచి రాయి వదిలాం. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 10 మీటర్లు అనుకుందాం. రెండు సెకన్లలో రాయి పడే అసలు దూరం 20 మీటర్లు. ఇప్పుడు ఆయిలర్ పద్ధతిలో ఒక్కో మెట్టు ఒక సెకను తీసుకోండి. మొదటి సెకను మొదట్లో వేగం సున్నా, కనుక రాయి జరగదు. రెండో సెకను మొదట్లో వేగం 10, కనుక 10 మీటర్లు. మొత్తం 10. సగానికి సగం తప్పు. మెట్టును అర సెకను చేయండి. 15 మీటర్లు వస్తుంది. పదోవంతు సెకను చేస్తే 19. గేమ్ లాగా అరవయ్యోవంతు చేస్తే 19.8 దాటుతుంది. మెట్టు చిన్నదయ్యేకొద్దీ లెక్క నిజానికి దగ్గరవుతుంది. మన మహారాష్ట్ర తొమ్మిదో తరగతి విజ్ఞానశాస్త్రం పుస్తకం చలన నియమాలతోనే మొదలవుతుంది, పదో తరగతిది గురుత్వాకర్షణతో. అంటే దీనికి కావలసిన పాఠం ఇప్పటికే పిల్లల సంచిలో ఉంది.

వరస తప్పితే ఊయల తెగుతుంది

ఇందులో ఒక మెలిక ఉంది. గేమ్ రాసేవాళ్లు దాన్ని దెబ్బతిని నేర్చుకుంటారు. ఊయల మధ్య నుంచి ఎంత దూరం పోయిందో, అంతే బలం దాన్ని వెనక్కి లాగుతుందనుకుందాం. మధ్య నుంచి 1 దూరంలో, వేగం 0తో వదిలాం. మెట్టు 1. ముందు పాత వేగంతో స్థానం జరిపి, పాత స్థానంలోని లాగుడుతో వేగం మార్చితే స్థానాలు ఇట్లా వస్తాయి: 1, 1, 0, -2, -4. ఎవరూ ఊపకుండానే ఊయల నాలుగింతల దూరం పోయింది. తెరమీద అయితే వస్తువులు వణికి వణికి ఎగిరిపోతాయి.

ఇప్పుడు వరస మార్చండి. ముందు వేగం సరిచేసి, ఆ కొత్త వేగంతో స్థానం జరపండి. స్థానాలు: 1, 0, -1, -1, 0, 1, 1. ఆరు మెట్లలో ఊయల బయల్దేరిన చోటికే వచ్చి, వేగం 0తో నిలిచింది. లెక్క అంతే, వరస ఒక్కటే మారింది. ఆయిలర్ పద్ధతిని తర్వాతివాళ్లు దిద్దిన రూపం ఇది. బాక్స్‌టూడీ అనే ఉచిత ఫిజిక్స్ ఇంజిన్ దీని మీదే నడుస్తుంది. పిల్లలందరూ ఎరిగిన ఆంగ్రీ బర్డ్స్‌లో పిట్టల్ని ఎగరేసింది ఆ ఇంజినే. ఏడో తరగతి పిల్లలు కూడా నోటుపుస్తకంలో ఈ రెండు వరసలూ చేసి చూసుకోవచ్చు. ధన, రుణ సంఖ్యలు కలపడం వస్తే చాలు.

వస్తువు జరగడమే కాదు, తిరుగుతుంది కూడా. గట్టి వస్తువు ఎట్లా తిరుగుతుందో ఆయిలర్ 1765లో పూర్తి పుస్తకం రాశారు. ఏ వస్తువు ఎటు తిరిగి ఉన్నా మూడు కోణాలతో చెప్పవచ్చన్న పద్ధతికి ఇప్పటికీ ఆయిలర్ కోణాలనే పేరు. విమానం గేమ్‌లో ముక్కు నిటారుగా పైకెత్తితే రెండు కోణాలు ఒకటైపోయి లెక్క చిక్కుపడుతుంది. ఆ చిక్కు తప్పించడానికి 1843లో హామిల్టన్ కనిపెట్టిన వేరే సంఖ్యల్ని వాడతారు.

పలక మీద చివరి లెక్క

చూపు పోయిన ఏళ్లలో ఆయిలర్ రాయించిన వ్యాసాలు ఆయన జీవితమంతా చేసిన పనిలో సుమారు సగం. కొడుకు, శిష్యులు రాసుకునేవారు. లెక్క మాత్రం ఆయన తలలోనే నడిచేది. 1783 సెప్టెంబర్ 18న కూడా మామూలుగానే పని చేసుకున్నారు. గాలిబుడగ పైకి లేవడం ఆ ఏడాది కొత్త వింత. అది ఎట్లా లేస్తుందో పలక మీద లెక్కకట్టారు. భోజనం తర్వాత, అప్పటికి రెండేళ్ల క్రితం బయటపడ్డ యురేనస్ గ్రహం దారి గురించి శిష్యుడు లెక్సెల్‌తో మాట్లాడారు. సాయంత్రం మనవడితో ఆడుకుంటూ కుప్పకూలారు. వయసు డెబ్బై ఆరు. ఆయన వదిలివెళ్లిన వ్యాసాలను పీటర్స్‌బర్గ్ అకాడమీ దాదాపు యాభై ఏళ్ల పాటు అచ్చువేస్తూనే ఉంది.

ఫోన్ లాక్కోవడమా, వదిలేయడమా అన్న తగవు మన ఇళ్లలో రోజూ ఉంటుంది. మూడో దారి ఒకటుంది. బంతి అట్లాగే ఎందుకు పడిందో పిల్లవాణ్ణి అడగడం. జవాబు మనకు తెలియకపోయినా ఫరవాలేదు. బడిలో మాస్టారు ఆ పది వరసల లెక్క చేయించి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టించి కలిపిస్తే, తెరమీది వంపు కాగితం మీదికి దిగివస్తుంది. తర్వాత స్క్రాచ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో అదే లెక్కను రెండు వరసలుగా పెట్టించవచ్చు. అప్పుడు నేర్చుకోవలసిన కొత్త ఇంగ్లిషు మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. త్వరణం అంటే ఏమిటో తెలుగులో గట్టిగా తెలిసిన పిల్లకు వాటి అర్థం పట్టుకోవడం కష్టం కాదు. త్వరణమే తెలియని పిల్లకు మాత్రం ఏ మీడియమూ దాన్ని అమర్చిపెట్టదు.

బట్టలు కుట్టే చేతులతోనే ఆ కుర్రాడు బీజగణితం రాశాడు, రాస్తూ నేర్చుకున్నాడు. అతనికి చెప్పినాయన కళ్లు లేకుండా చెప్పారు, కానీ రాసే కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పారు. ఈ సోమవారం తొమ్మిదో తరగతి గదిలో నల్లబల్ల మీద ఆ రాయి లెక్క ఒకటి పడితే చాలు. మొదటి మెట్టు జవాబు సగం తప్పొస్తుంది. మెట్టు చిన్నది చేద్దామని ఏ పిల్లో లేచి చెప్పేదాకా మాస్టారు కాస్త ఆగాలి.